తిన్న నోరు

జూన్ 3

మరిదికి,

నా చేతిరాత చూసి కంగారు పడకు. ఇన్నేళ్ళుగా లేనిది వదిన ఇప్పుడెందుకు రాసిందా అని గుండె చిక్కబట్టుకుని విప్పుతావేమో. ఎవరికీ ఏమీ కాలేదు. మీ అన్నయ్యకి గుండెల్లో మంట, అంతే.

పొద్దున కాఫీ తాగిన కాసేపటికి మొదలవుతుంది. రొమ్ము మధ్యలోంచి గొంతు దాకా పాకుతుందట. పుల్లటి తేన్పులు. మీ అన్నయ్య పనిచేసే గోడౌన్లో చీటీలు రాసే ఆయన "కాఫీ మానెయ్యవయ్యా, వారంలో తగ్గకపోతే నన్నడుగు" అన్నాడట. ఇంటికొచ్చి ఆ చీటీలాయన్ని తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టారు. "ఇవాళ కాఫీ మానమన్నవాడు రేపు ఊపిరి మానమంటాడు" అని. నన్ను మానెయ్యమంటే ఒక పూట ఆలోచిస్తారేమో గానీ కాఫీ విషయంలో ఆ పూట కూడా ఉండదు. నీకు తెలియనిదేముంది.

ఇక్కడి పొడి మంచిది కాదు. వీధి చివర దుకాణంలో తెస్తాను. కాఫీ ఎంతో, చికోరీ ఎంతో, ఊడ్చి కలిపిన దుమ్మెంతో ఆ దేవుడికే ఎరుక. అది తాగి, చేదు మందు మింగిన పిల్లాడిలా మొహం పెడతారు. మంట దానివల్లేనని నా అనుమానం. కడుపుకి నెమ్మదిగా ఉండే పొడి నువ్వేదన్నా చేసి పంపగలవా? నీ పేరు చెప్పను. వీధి చివర కొత్త సరుకు వచ్చిందంటాను. నీ పేరు చెబితే ఆ డబ్బా మా కిటికీలోంచి కింద సైకిళ్ళు బాగుచేసే అతని నెత్తిన పడుతుంది.

మన కాఫీ దుకాణానికి గింజలు వేయించే మిషను కొన్న రోజు, కొనేవాళ్ళ ముందు నువ్వు "అన్నయ్యకి నాలుక పోయింది, ఇకనుంచి రుచి మిషనే చెబుతుంది" అనకుండా ఉండాల్సింది. ఆయన కూడా నడుముకి కట్టుకున్న గుడ్డ విప్పి నీ మొహాన పారేసి వచ్చెయ్యకుండా ఉండాల్సింది. నేను ఎవరి వైపూ మాట్లాడను. నేను కాపరానికి వచ్చినప్పుడు నీ నిక్కరు జారకుండా పిన్నీసు పెట్టింది ఆయనే. అది నువ్వూ మర్చిపోయావు, ఆయనా మర్చిపోయారు. నాకే ఎందుకో గుర్తుంది.

కాజాలు కుట్టాల్సిన చొక్కాలు ఒళ్ళో ఉన్నాయి. దర్జీ సాయంత్రం వస్తాడు. ఉంటాను.

వదిన


జూన్ 9

వదినకు,

ఉత్తరం అందింది. ఇవాళ వాన. ఒక బస్తా వేయించాను. అమ్మకం మామూలు.

డబ్బా పంపుతున్నాను. చికోరీ లేదు.

నా దగ్గర అట్ట ఊడిన వైద్యం పుస్తకం ఒకటి ఉంది. పాత కాగితాల్లో దొరికింది. అందులో చదివింది రాస్తున్నాను. కాఫీ వల్ల పొట్టలో పులుపు ఊరుతుంది. పొట్ట పైభాగంలో మూత లాంటిది ఒకటి ఉంటుందట, మన డబ్బా మూత లాగే. కాఫీ కొందరికి ఆ మూతను వదులు చేస్తుంది. అప్పుడు పులుపు పైకి తంతుంది. మంట అంటే అదే. అందరికీ ఒకేలా ఉండదు. కొందరికి పాలు పడక కడుపు ఉబ్బుతుంది, ఆ నింద కూడా కాఫీ మీదికే వస్తుంది. కొందరిని తాగిన వెంటనే దొడ్డికి పరిగెత్తిస్తుంది. అది జబ్బు కాదు.

ఏదన్నా తిన్నాకే కాఫీ ఇవ్వు. పలచగా కలుపు. తాగి వెంటనే నడుం వాల్చనివ్వకు. ముదరగా వేయించిన గింజ కొందరి కడుపుకి కాస్త నయం అంటారు. అందుకని ఇది దోర దాటాక దించాను.

తిన్నాక తాగడానికి అన్నయ్య ఒప్పుకోడు. తెలుసు. తిన్న నోరు అబద్ధమాడుతుందని నాన్న పెట్టిన నియమం. రుచి చూసేవాడు పొద్దున్నే పచ్చి మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టకూడదని. నేనూ ఇప్పటికీ పరగడుపునే రుచి చూస్తాను. నాకూ మంట ఉంది. పట్టించుకోను.

నా పేరు చెప్పొద్దు.

రాయడానికి ఇంకేమీ లేదు.

మరిది


జూన్ 24

మరిదికి,

రాయడానికేమీ లేదని రాసేవాణ్ణి నిన్నే చూశాను. మీ వంశంలో మాటలన్నీ మీ నాన్నగారే వాడేసినట్టున్నారు.

డబ్బా వచ్చింది. నీ దుకాణం కాగితం చించి పొయ్యిలో వేసి, పొడిని పాత సీసాలో పోసి, ఏమీ ఎరగనట్టు కాఫీ పెట్టి ఇచ్చాను. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకున్నారు. ఒక గుక్క తాగారు. ఇంకో గుక్క. నేను సూదిలో దారం ఎక్కిస్తూ, ఎక్కని దారాన్ని మళ్ళీ మళ్ళీ ఎక్కిస్తూ కూర్చున్నాను.

"ఎక్కడిది?" అన్నారు.

"వీధి చివరే. కొత్త సరుకట."

"వేయించినవాడికి చెయ్యి ఉంది" అన్నారు. గ్లాసు కింద పెట్టి, "మా మిషనుని తీసుకొచ్చి వీడి దగ్గర పనిలో పెట్టాలి. ఏడాదిలో కాస్త నేర్చుకుంటాడు" అన్నారు.

నీ పేరు మిషనే ఈ ఇంట్లో. నాకు నవ్వు ఆగక వంటగదిలోకి వెళ్ళిపోయాను.

మంట కాస్త తగ్గింది, పూర్తిగా పోలేదు. తిన్నాక తాగమని నువ్వు చెప్పింది కూడా చేసి చూశాను. గ్లాసు పక్కన రెండు బ్రెడ్డు ముక్కలు పెట్టాను. వాటివైపు, చచ్చిన ఎలకని చూసినట్టు చూశారు. "నాన్న ఏమన్నాడో తెలుసుగా?" అన్నారు. నాకు ఒళ్ళు మండింది. "మీరిప్పుడు దుకాణంలో ఉన్నారా? గోడౌన్లో కాటా దగ్గర నిలబడి బస్తాలు తూచేవాడికి పరగడుపు నాలుకెందుకండీ? ఇనప కాటా మీ నాలుక చూసి బరువు చెబుతుందా?" అన్నాను. అనకుండా ఉండాల్సింది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. పరగడుపు కాఫీ ఒక్కటే దుకాణంలోంచి ఆయన తెచ్చుకున్నది. మిగతాదంతా నీ దగ్గరే ఉండిపోయింది కదా.

నడుం నొప్పి మాత్రం ఎక్కువైంది. తూచేవాడు తూచి ఊరుకోవాలా, మనుషులు తక్కువైనప్పుడు బస్తాకి ఓ చెయ్యి వేస్తారు. మేస్త్రి ఏవో నొప్పి మాత్రలు ఇచ్చాడు. పొద్దున కాఫీ గుక్కతోనే మింగుతారు. వాటితోనే లేచి నిలబడగలుగుతున్నారు, పాపం.

దర్జీ నా కాజాలు వదులుగా ఉన్నాయంటున్నాడు. వదులైనవి నా కాజాలు కావు, ఆయన గుండీలు చిన్నవి. చెప్పానులే.

సీసా సగమైంది. ఇంకో డబ్బా పంపు.

వదిన


జూలై 2

వదినకు,

డబ్బా పంపాను. మంట పూర్తిగా పోలేదన్నావు కాబట్టి ఈసారి ఇంకా ముదరగా వేయించాను.

వేయించినవాడికి చెయ్యి ఉందన్నాడని రాశావు. అది చెయ్యి కాదు. మిషను. ఎంత వేడికి గింజ వెయ్యాలో, ఎప్పుడు దించాలో దానికి నేర్పింది నేను. ఎవడిదో అనుకుంటే బాగుంది, తమ్ముడిదని తెలిస్తే కిటికీలోంచి బయటికి. మంచిది. ఎవడిదో అనుకునే తాగనీ.

నవ్వు ఆగలేదని రాశావు. నాకు రాలేదు.

నడుముకి వేడి కాపడం పెట్టు.

దుకాణంలో కొత్తేమీ లేదు. మర పట్టీ తెగింది. కొత్తది వేయించాను.

మరిది


ఆగస్టు 5

మరిదికి,

పట్టీ నీ మరకి తెగిందా, నీ బుర్రకి తెగిందా? మీ అన్నయ్య పొగిడారని సంతోషపడతావని రాశాను. మిషనుని పనిలో పెట్టాలన్న మాట పట్టుకుని మూతి ముడిచావు. పొగడ్తని వదిలేసి తిట్టుని దాచుకోవడం మీ ఇద్దరికీ పుట్టుకతో వచ్చింది. అందుకే నెల దాకా కావాలనే రాయలేదు. ఇప్పుడు రాయక తప్పక రాస్తున్నాను.

ఈయన చిక్కిపోయారు. చొక్కా మెడ దగ్గర రెండు వేళ్ళు పట్టేంత ఖాళీ వచ్చింది. ఛాతీలో మంట కాదు ఇప్పుడు, పక్కటెముకల కింద, పొట్ట పైన, నొక్కిపట్టినట్టు నొప్పి. అన్నం సగం తిని చెయ్యి కడుక్కుంటారు. మెట్లెక్కి వచ్చి మాట్లాడకుండా కూర్చుంటారు, ఆయాసం. మొహం తెల్లగా పాలిపోయింది.

ఇంకోటి. చెప్పడానికి సిగ్గేస్తోంది గానీ నీకు కాక ఇంకెవరికి చెప్పను. దొడ్డికి నల్లగా వస్తోందట. మామూలు నలుపు కాదు, రోడ్డుకి వేసే తారులా, జిగటగా. చాలా రోజులనించీ అలాగే ఉందట, మొన్న నేను గట్టిగా అడిగితే చెప్పారు. డాక్టరు దగ్గరికి పోదామన్నాను. నవ్వేశారు. "బొగ్గు తాగితే బొగ్గే వస్తుంది, దానికి డాక్టరెందుకే" అన్నారు.

నువ్వు పంపిన రెండో డబ్బా పొడి నిజంగానే మరీ నల్లగా ఉంది. దానివల్లేనా? ఇది కాఫీ రంగేనా, లేక జబ్బా? నువ్వు పుస్తకం చూసి చెప్పు. నీ మాట వచ్చాక ఏం చెయ్యాలో చూస్తాను. త్వరగా రాయి.

వదిన


ఆగస్టు 10

వదినకు,

బొగ్గు అన్న మాట మళ్ళీ విన్నాను. మిషను కొన్న రోజు మొదటి వాయి దించగానే అన్నయ్య అన్నదీ అదే మాట. ఇంత దూరం నుంచి, ఎవడు వేయించాడో తెలియకుండా కూడా అదే మాట.

గింజ మాడలేదు. మాడితే పొడి కంపు కొడుతుంది, డికాక్షన్ మీద బూడిద రుచి ఉంటుంది. నేను పంపినది అలా లేదు. రుచి చూసే పంపాను. ముదరగా వేయించిన పొడి నల్లగానే ఉంటుంది. నల్లటిది తాగినవాడికి నల్లగా వస్తుంది. దుకాణంలో మాకెవరికీ దాని గురించి దిగులు లేదు. అది కాఫీ రంగే. భయం లేదు.

డాక్టరు దగ్గరికి వెళ్తే కాఫీ మానమంటాడు. అన్నయ్య మానడు. వెళ్ళి ఉపయోగం లేదు.

నా పొడి నచ్చకపోతే చెప్పండి. పంపడం మానేస్తాను.

వేయించింది ఒక బస్తా. ఎండ.

మరిది


ఆగస్టు 27

మరిదికి,

ఆస్పత్రి వరండాలోంచి రాస్తున్నాను. కాగితం నర్సునడిగి తీసుకున్నాను.

సోమవారం గోడౌన్లో కాటా దగ్గర నిలబడ్డ మనిషి నిలబడ్డట్టే పడిపోయారు. బస్తాలు మోసేవాళ్ళే మోసుకొచ్చారు. వచ్చే దారిలో వాంతి చేసుకున్నారు. తడిసిన కాఫీ పొడిలా ఉంది. "కాఫీ కక్కాడు" అన్నాడు మేస్త్రి. డాక్టరమ్మ దాన్ని చూసి, కాఫీ కాదమ్మా, రక్తం, లోపల నిలవుండి అలా నల్లబడిందంది.

నోట్లోంచి గొట్టం వేసి చూశారు. పొట్టలో పుండు. రక్తం కారి కారి మనిషి ఖాళీ అయిపోయాడట. రెండు సీసాలు ఎక్కించారు, ఇంకా ఎక్కిస్తారట.

ఏం మాత్రలు వాడుతున్నాడని అడిగింది. మేస్త్రి ఇచ్చిన మాత్రల అట్ట చూపించాను. ఎప్పుడు వేసుకుంటాడంది. పొద్దున్నే, ఏమీ తినకుండా, కాఫీతో అన్నాను. ఆవిడ తల పట్టుకుంది. పుండు చేసింది ఆ మాత్రలేనట. ఖాళీ కడుపున కాఫీ తాగితే మంట పెరిగి ఉంటుంది గానీ కాఫీ ఒక్కటీ ఇంత పని చెయ్యదంది. ఎన్నాళ్ళనించి నల్లగా వెళ్తోందని అడిగింది. చెప్పాను.

"మరి ఎందుకు తీసుకురాలేదమ్మా? కాఫీ తాగినంత మాత్రాన తారులా రాదు. మొదట్లోనే తెస్తే మాత్రలు ఆపి మందిచ్చి పంపేదాన్ని" అంది.

నేను సంచీలో ఉన్న నీ ఉత్తరం తీసి చేతికిచ్చాను. చదివింది. "ఈయన డాక్టరా?" అనడిగింది. కాదు, కాఫీ గింజలు వేయిస్తాడు అన్నాను.

పక్క మంచం వాళ్ళు పిలుస్తున్నారు. ఆయన లేచినట్టున్నారు.

వదిన


ఆగస్టు 31

వదినకు,

ఉత్తరం అందింది. దుకాణం మూసేశాను.

పుస్తకం తీసి చూశాను. నల్లటి దొడ్డి గురించి ఉంది. వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్ళాలని ఉంది. ఆ పేజీ ముందు ఎప్పుడో చదివినదే. మూల మడత పెట్టి ఉంది. నీకు బదులు రాసిన రోజు పుస్తకం తియ్యలేదు. మాత్రల సంగతి జూన్ ఉత్తరంలోనే రాశావు. అదీ మళ్ళీ చదివాను.

నేను బయలుదేరతాను. రక్తం కావాలంటే నాది సరిపోతుందేమో అడుగు. ఎల్లుండి బస్సు. నువ్వు సరేనంటే.

మరిది


సెప్టెంబరు 6

మరిదికి,

రావొద్దు. ఇది నా మాట కాదు, ఆయన మాట. నా మాట కూడా అదే అనుకో.

ప్రాణానికి భయం లేదంటున్నారు. ఇంటికి తీసుకొచ్చాను. గోడ పట్టుకుని బాత్రూం దాకా వెళ్తున్నారు. మూడు నెలలు బరువు ముట్టకూడదు. గోడౌన్లో కాటా దగ్గర ఇంకొకర్ని పెట్టుకున్నారట. ఆ ఉద్యోగం కూడా పోయిందనే లెక్క.

నీకు ఒక సంగతి చెప్పాలి. చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు, చెబితే నీకు పట్టదు. నీకే పట్టకపోనీ.

ఆయన పడిపోవడానికి నాలుగైదు రోజుల ముందు నేను ఇక ఆగలేకపోయాను. నీ ఉత్తరం వచ్చినా నా మనసు కుదుటపడలేదు. కింద సైకిళ్ళ అతన్ని అడిగి ఆటో పిలిపించాను. ఆటో గుమ్మం ముందు నిలబడింది. హారన్ కొడుతున్నాడు. చొక్కా వేసుకోండి, పోదాం అన్నాను. ఈయన చొక్కా వేసుకున్నారు. జేబులోంచి ఒక కాగితం తీసి నా ముందు పెట్టారు. నీ ఉత్తరం. కాజాల బుట్టలో అడుగున పెట్టాను, ఎప్పుడు తీసుకున్నారో.

"ఇదేమిటండీ" అన్నాను.

"మొదటి గుక్కలోనే తెలిసింది" అన్నారు. "దించాక గింజని చల్లార్చడంలో వాడిది ఒక తొందర ఉంటుంది. చిన్నప్పటినించీ ఉంది. నాలుకకి తెలిసిపోతుంది. పొడి వాడిది. నువ్వు చెప్పలేదు, నేనూ తెలియనట్టున్నాను. బాగానే ఉంది కదా?"

"బొగ్గన్నారుగా మరి?"

"అననీవే. వాడికి రాస్తావని తెలుసు. ఉడుక్కుంటాడని అన్నాను. చిన్నప్పుడూ అంతే వాడు."

తర్వాత నీ ఉత్తరం విప్పి, వేలు పెట్టి చూపించారు. "చూడు, భయం లేదని రాశాడు. వాడు చదువుకున్నవాడు కాదు గానీ చదివినవాడు. మనకన్నా వాడికే తెలుసు. ఆటో వాణ్ణి పొమ్మను."

నేనే కిందికి వెళ్ళి ఆటో అతన్ని పొమ్మన్నాను. మెట్లు దిగుతుంటే నాకు సంతోషంగా కూడా ఉంది, అది చెబితే నువ్వు నమ్మవు. ఇన్నేళ్ళకి తమ్ముడి మాట తలకెక్కించుకున్నాడు ఈ మనిషి, ఇక దారిలో పడతారు ఇద్దరూ అనుకున్నాను.

నిన్న మంచం మీద పడుకుని, పైకప్పు చూస్తూ అన్నారు: "పుట్టాక వాడి మాట ఒక్కసారి విన్నాను." అంతే అన్నారు. అటు తిరిగి పడుకున్నారు.

వదిన


సెప్టెంబరు 12

వదినకు,

రావొద్దన్నావు. రాను.

దుకాణం మళ్ళీ తెరిచాను. కొనేవాళ్ళు వచ్చి తలుపు కొడుతున్నారు. పొడి తూచి ఇస్తున్నాను.

బొగ్గు అని ఉడికించడానికే అన్నాడని నాకు తోచలేదు. నాన్న రుచి నేర్పింది అన్నయ్యకి. నాకు నేర్పింది అన్నయ్య. కళ్ళు మూయించి రెండు గ్లాసులు చేతికిచ్చేవాడు. తప్పు చెబితే నెత్తి మీద మొట్టేవాడు. ఒప్పు చెప్పినా మొట్టేవాడు, పొగరెక్కకూడదని.

ఆ ఉత్తరం కోపంలో రాశానని చెప్పు. వద్దు, చెప్పకు.

తినడానికి ఏం పెట్టమన్నారో రాయి. ఏదన్నా పంపాలా? కాఫీ కాదు.

మరిది


అక్టోబరు 19

మరిదికి,

ఏమీ పంపొద్దు. మెత్తగా ఉడికించి, కారం లేకుండా, కొంచెం కొంచెంగా నాలుగైదు సార్లు పెట్టమన్నారు. పెడుతున్నాను. పసిపిల్లాణ్ణి సాకినట్టుంది, కాకపోతే పసిపిల్లలు ఇన్ని తిట్లు తిట్టరు.

మొన్న డాక్టరమ్మకి చూపించుకొచ్చాం. పుండు మానిందట. నొప్పి మాత్రల జోలికి చచ్చినా వెళ్ళొద్దంది. కాఫీ కావాలంటే, ఏదన్నా తిన్నాక, పలచగా, ఒక గ్లాసు తాగి చూడండి, మంట రాకపోతే పరవాలేదంది. నేను మురిసిపోయి ఇంటికి రాగానే నీళ్ళు పెట్టాను. నీ డబ్బాలో ఇంకా కాస్త ఉంది.

"వద్దు" అన్నారు.

"డాక్టరమ్మే తాగొచ్చందండీ."

"ఆవిడ తాగొచ్చంది. నేను తాగనంటున్నాను."

డబ్బా పట్టుకెళ్ళి కింద సైకిళ్ళ అతనికి ఇచ్చేశారు. తనే మెట్లు దిగి వెళ్ళి ఇచ్చారు. ఈ ఇంట్లో పొద్దున్నే ఇప్పుడు ఏ వాసనా లేదు. నాకే ఏదోలా ఉంది. నేనూ మానేశాను, ఒక్కదాని కోసం ఎవరు పెట్టుకుంటారు.

నిన్న గంజి తాగుతూ ఉన్నట్టుండి అడిగారు.

"వాడింకా పరగడుపునే రుచి చూస్తున్నాడా?"

"అవును. వాడికీ మంట ఉందట. పట్టించుకోనని రాశాడు" అన్నాను.

చెంచా గిన్నెలో పెట్టేశారు. "తిని చూడమను. ముందు కడుపులో ఏదన్నా పడాలి, తర్వాతే గ్లాసు. నాన్న మాట వద్దు, నా మాటగా చెప్పు" అన్నారు.

"మీరే రాయచ్చుగా రెండు ముక్కలు?"

"నేను రాయను. వాణ్ణీ రాయొద్దను. ఉత్తరాలు చాలు." మళ్ళీ చెంచా తీసుకున్నారు. రెండు చెంచాలు తాగాక, గోడతో మాట్లాడినట్టు, "తిన్నాక రుచి తెలుస్తుందో లేదో మాత్రం ఒకసారి కనుక్కో" అన్నారు.

ఎందుకండీ అని నేను అడగలేదు. నలభై ఏళ్ళు ఆ మాట పట్టుకునే పరగడుపున తాగారు. అది నిజమో కాదో ఇప్పుడు తెలుసుకోవాలని ఉంది కాబోలు. నిజమైతే ఒక బాధ, కాకపోతే ఇంకో బాధ. ఏది చిన్నదో నాకు తెలియదు. నీకు తెలిస్తే అదే రాయి. ఆ ఒక్కటి రాసి ఇక ఆపేసెయ్. ఆయన వద్దన్నాక నేనూ రాయను.

నిక్కరుకి పిన్నీసు పెట్టిన రోజులు నేను మాత్రం మర్చిపోను. అది నా ఖర్మ.

వదిన


అక్టోబరు 26

వదినకు,

ఉత్తరం అందింది. ఇవాళ మబ్బు. వేయించింది ఒక బస్తా.

ఉత్తరం అందిన మర్నాడు పొద్దున లేచి రెండు బ్రెడ్డు ముక్కలు తిన్నాను. నోరు పుక్కిలించాను. ఎప్పటిలాగే గ్లాసులు వరసగా పెట్టి రుచి చూశాను. లేతగా వేయించింది ఏదో, ముదరగా వేయించింది ఏదో తెలియలేదు. ఆ తర్వాతి రోజూ తిన్నాను. తెలియలేదు. ఒక గ్లాసులో చికోరీ కలిపి, కళ్ళు మూసుకుని, గ్లాసులు అటూ ఇటూ మార్చి చూశాను. అదీ పట్టుకోలేకపోయాను. మిషను గడియారం చూసి దించుతున్నాను. కొనేవాళ్ళు ఏమీ అనలేదు.

మంట తగ్గింది. రోజూ తింటాను. అన్నయ్య చెప్పాడు కాబట్టి.

తిన్నాక కూడా రుచి శుభ్రంగా తెలుస్తోందని రాశాడని అన్నయ్యతో చెప్పు. నాన్నే పొరబడ్డాడని చెప్పు.

మరిది